పక్కింట్లో యూదుల పండుగ: తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీలో ఎడిసన్, హైలాండ్ పార్క్, ఈస్ట్ బ్రన్స్‌విక్ వైపు తెలుగు కుటుంబాలూ యూదు కుటుంబాలూ ఒకే వీధిలో ఉంటున్నాయి. పక్కింట్లో పండుగ జరుగుతుంటే మనవంతుగా ఏదైనా చేయాలని మనవాళ్ళకి ఉంటుంది. మనకి తెలిసిన మర్యాదేమో ఒక గిన్నె నిండా ఏదో ఒకటి వండి పట్టుకెళ్ళడం. పస్కా (పాసోవర్) పండుగ వారంలో అదే వాళ్ళని ఇరుకున పెడుతుంది. ప్రేమగా ఇచ్చినదాన్ని కాదనలేక, అలాగని తినలేక పండుగ పూట ఇబ్బంది పడతారు. ఆ ఇబ్బంది రాకుండా చూసుకోవడమే మనం చేయగలిగిన మొదటి సాయం.

యూదులందరూ ఒకేలా పాటించరు. ఆర్థడాక్స్ కుటుంబాలు నియమాలన్నీ పాటిస్తాయి. కన్జర్వేటివ్, రిఫార్మ్ వాళ్ళలో ఇంటికో పద్ధతి. కింద రాసినవి ఎక్కువగా నియమంగా ఉండే ఇళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మీ పక్కింటివాళ్ళు ఎలా ఉంటారో వాళ్ళనే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. పండుగకి వారం ముందు అడిగినవాళ్ళని చూసి వాళ్ళు ఎంత సంతోషిస్తారో చాలాసార్లు చూశాను.

పస్కా ఎప్పుడు వస్తుంది? ఏటా తేదీ ఎందుకు మారుతుంది?

పస్కా అంటే ఇక్కడ అందరూ పాసోవర్ అనే పండుగ. ఈజిప్టులో బానిసత్వం నుంచి తమ పూర్వీకులు బయటపడిన రోజుని తలుచుకునే పండుగ ఇది. యూదుల నీసాన్ నెల 15న మొదలవుతుంది. ఇజ్రాయెల్‌లో 7 రోజులు, బయటి దేశాల్లో నియమంగా ఉండేవాళ్ళకి 8 రోజులు. వాళ్ళ నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. మనకి అధికమాసం వచ్చినట్టే వాళ్ళకీ 19 ఏళ్ళలో 7 సార్లు ఒక నెల అదనంగా వస్తుంది. అందుకే పస్కా ఎప్పుడూ పౌర్ణమి దగ్గరే, మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో పడుతుంది. చాలా ఏళ్ళు అది మన చైత్ర పౌర్ణమే. 2026లో ఏప్రిల్ 1 సాయంత్రం, 2027లో ఏప్రిల్ 21 సాయంత్రం మొదలు.

సాయంత్రం అన్న మాట గుర్తుపెట్టుకోండి. వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. క్యాలెండర్‌లో ఏప్రిల్ 2 అని ఉంటే, పండుగ 1వ తేదీ పొద్దుగుంకగానే వచ్చేసినట్టు.

మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. పక్కింటివాళ్ళకి పండుగ కదా, రవ్వలడ్లు చేసి ఇస్తానంటున్నారు. ఇవ్వచ్చా?

పస్కాలో మాత్రం వద్దు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాల్లో ఏదైనా నీళ్ళు తగిలి 18 నిమిషాలు దాటితే అది పులిసినట్టే లెక్క. దాన్ని హమేత్స్ అంటారు. ఆ వారం దాన్ని తినకపోవడమే కాదు, అది ఇంట్లోనే ఉండకూడదు, తమ సొంతమై ఉండకూడదు. రవ్వ గోధుమదే కాబట్టి లడ్డు వాళ్ళ గడప దాటకూడదు.

"పోనీ శనగపిండి లడ్డు?" అని అత్తగారు అడుగుతారు. తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులు ఆ వారం బియ్యం, పప్పులు, శనగలు, మొక్కజొన్న, నువ్వులు, ఆవాలు కూడా తినని సంప్రదాయంలో ఉన్నారు. అమెరికాలో ఎక్కువమంది వాళ్ళే. స్పెయిన్, మొరాకో, ఇరాక్ వైపు మూలాలున్న కుటుంబాలు చాలావరకు అన్నం తింటాయి. 2015లో కన్జర్వేటివ్ శాఖ పండితుల కమిటీ అష్కెనాజీలు కూడా బియ్యం, పప్పులు తినవచ్చని అనుమతి ఇచ్చింది. అయినా పాత అలవాటు మానని ఇళ్ళు చాలా ఉన్నాయి.

మనవాళ్ళు ఊహించనిది ఇంకొకటి ఉంది. మీ వంటింట్లో ఇంగువ డబ్బా తీసి వెనక చిన్న అక్షరాలు చదవండి. పొడి ఇంగువలో చాలా కంపెనీలు మైదా కలుపుతాయి. అంటే పప్పులో వేసిన చిటికెడు ఇంగువతో కూడా హమేత్స్ వచ్చేసినట్టే. ఇక మన గిన్నెలు, గరిటెలు, స్టవ్వు అన్నీ ఏడాది పొడవునా గోధుమపిండి తగిలినవే. వాళ్ళయితే పస్కాకి పాత్రలే వేరే పెట్టుకుంటారు, స్టవ్వుని రోజంతా రుద్దుతారు, ఫ్రిజ్ అరలకి కాగితం వేస్తారు. కాబట్టి "ఇందులో గోధుమ లేదండీ" అని మనం చెప్పినంత మాత్రాన సరిపోదు.

అత్తగారి ప్రేమ వృథా కానక్కర్లేదు. మంచి మామిడిపళ్ళో ద్రాక్షో దొరికితే కోయకుండా, కడగకుండా అలాగే బుట్టలో పెట్టి ఆవిడ చేత్తోనే ఇప్పించండి. కోయని పండు ఏ ఇంట్లోనైనా చెల్లుతుంది.

పళ్ళు కాకుండా ఇంకేం ఇవ్వచ్చు?

సీలు తీయని ప్యాకెట్లు. దుకాణంలో చాక్లెట్ డబ్బా మీద సున్నాలో యు అక్షరం, పక్కన పి అక్షరం ఉందేమో చూడండి. పస్కాకి పనికొస్తుందని దాని అర్థం. పి లేని గుర్తు మామూలు రోజులకే. ఎడిసన్ చుట్టుపక్కల పెద్ద సూపర్ మార్కెట్లలో మార్చి నుంచే పస్కా సరుకులకి వేరే వరస పెడతారు. ఏది కొనాలో తెలియకపోతే అక్కడి నుంచి తీసుకోండి.

పూలు చాలా బాగుంటాయి. పండుగ మొదలవకముందే, మధ్యాహ్నంలోపు ఇచ్చేయండి. పొద్దుగుంకాక పూలని కొత్తగా నీళ్ళలో పెట్టడానికి కూడా కొందరికి నియమం అడ్డొస్తుంది.

వైన్ ఇవ్వాలనుకుంటే పస్కాకి పనికొచ్చే కోషెర్ (వాళ్ళ ఆహార నియమాలకి సరిపోయే) వైన్ సీలుతో ఇవ్వండి. మీరు మూత తీయకండి, గ్లాసుల్లో పోయకండి. యూదులు కానివాళ్ళు పోసిన వైన్‌ని ఆర్థడాక్స్ వాళ్ళు తాగరు. అది మీ మీద అయిష్టం కాదు, చాలా పాత నియమం. ముందే మరిగించి తయారుచేసిన మెవుషాల్ రకానికి మాత్రం ఆ పట్టింపు లేదు.

పొద్దున్నే పక్కింటి పెరట్లో మంట పెట్టి బ్రెడ్డు కాలుస్తున్నారు. ఫైర్ వాళ్ళకి చెప్పాలా?

అక్కర్లేదు. ముందురోజు రాత్రి దీపాలార్పి, కొవ్వొత్తి వెలుగులో ఇల్లంతా వెతుకుతారు. ఒక పిల్ల చేతిలో పక్షి ఈక, ఇంకో పిల్లాడి చేతిలో చెక్క గరిట. సోఫా కింద, పుస్తకాల అరలో, కిటికీ మూలల్లో బ్రెడ్డు ముక్కలు దొరుకుతాయి. వెతికినవాళ్ళకి ఏదో ఒకటి దొరకాలని ఇంట్లో పెద్దవాళ్ళే 10 ముక్కలు కాగితంలో చుట్టి దాచి ఉంచుతారు. ఈకతో గరిటలోకి ఊడ్చి, అన్నీ ఒక సంచిలో కట్టి, మర్నాడు పొద్దున పెరట్లో చిన్న మంటలో కాల్చేస్తారు. పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు. మీ పిల్లలు కంచె దగ్గర నిలబడి చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు, పిలిచి చూపిస్తారు కూడా.

"మా ఇంట్లో ఉన్న పాస్తా, విస్కీ మీకు అమ్ముతాం" అన్నారు. ఇదేమిటి?

ఇంట్లో హమేత్స్ తమ సొంతమై ఉండకూడదు కదా. విలువైన సరుకంతా పారేయలేరు. అందుకని యూదులు కాని ఒక వ్యక్తికి అమ్మేస్తారు. మామూలుగా ఊళ్ళో రబ్బీయే (యూదుల మతగురువు) అందరి తరఫునా కాగితం రాసి ఒకరికి అమ్ముతాడు. అప్పుడప్పుడు ఆ అవకాశం పొరుగింటి మనిషికి వస్తుంది. కొనేవాడు కొంత అడ్వాన్స్ ఇస్తాడు, మిగతా సొమ్ము పండుగయ్యాక చెల్లించాలి. చెల్లిస్తే సరుకు అతనిదే. లేకపోతే అమ్మకం వెనక్కి తీసుకుంటారు. అప్పటిదాకా అది ఆ యూదుడి అల్మరాలోనే ఉన్నా చట్ట ప్రకారం మీదే.

ఇజ్రాయెల్‌లో ప్రభుత్వానికి చెందిన హమేత్స్ మొత్తాన్ని, సైన్యం గోదాముల్లో ఉన్నదాంతో సహా, ఏటా ఇలాగే అమ్ముతారు. జెరూసలేం దగ్గర అబూ ఘోష్ గ్రామానికి చెందిన ఒక అరబ్ హోటల్ ఉద్యోగి చాలా ఏళ్ళు దాన్ని కొన్నాడు. ప్రధాన రబ్బీల ఎదుట సంతకం చేసేవాడు.

మిమ్మల్ని అడిగితే మీమీద నమ్మకం ఉందని అర్థం. నవ్వుతూ "ఉత్తుత్తి అమ్మకమేగా" అనకండి. అది నిజమైన అమ్మకం కావాలి, లేకపోతే వాళ్ళకి నియమం తీరదు. కాగితం చదివి, సంతకం చేసి, అడ్వాన్స్ ఇవ్వండి.

పండుగ రోజు వాళ్ళింటికి వెళ్తే బెల్లు కొట్టచ్చా?

కొట్టకండి. తలుపు మెల్లగా తట్టండి. శుక్రవారం పొద్దుగుంకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా ఉండే విశ్రాంతి దినం షబ్బాత్‌లోనూ, పస్కా మొదటి రెండు రోజులు, చివరి రెండు రోజుల్లోనూ కరెంటు స్విచ్ ముట్టుకోరు, ఫోను తీయరు, కారు నడపరు, రాయరు, డబ్బు తాకరు. మీరు వాట్సాప్ చేస్తే జవాబు రాదు. కోపం వచ్చిందేమోనని టెన్షన్ పడకండి.

ఈ రోజుల్లో పొరుగువాళ్ళు చేయగలిగినవి చిన్న చిన్న పనులు, కానీ వాళ్ళకి చాలా పనికొస్తాయి. గుమ్మం ముందు అమెజాన్ డబ్బా వర్షంలో తడుస్తుంటే తీసి లోపల పెట్టుకోండి, పండుగ దాటాక ఇవ్వండి. చెత్త బండి వచ్చే రోజు పండుగలో పడితే మీ డబ్బాతోపాటు వాళ్ళదీ రోడ్డు చివరికి లాగండి. మీ గ్యారేజి సెన్సర్ లైటు వాళ్ళు నడిచే దారి మీద పడుతుంటే దాని ముఖం కాస్త తిప్పండి, తాము నడిస్తే లైటు వెలగడం కొందరికి ఇబ్బంది. ఆ సాయంత్రాల్లో కుటుంబాలు నల్ల బట్టల్లో, స్ట్రోలర్లు తోసుకుంటూ రోడ్డు పక్కన నడుస్తాయి. మన వీధుల్లో చాలాచోట్ల ఫుట్‌పాత్ లేదు. కారు నెమ్మదిగా నడపండి.

చీకట్లో గుమ్మం దగ్గర నిలబడి "మా వంటింట్లో లైటు ఆరిపోయింది" అని మాత్రం అంటారు. ఏం చేయమన్నట్టు?

వెళ్ళి వెయ్యమని. యూదులు కానివాళ్ళకి కూడా "ఈ పని చెయ్యండి" అని నేరుగా చెప్పకూడదని నియమం. అందుకే పరిస్థితి చెప్పి ఊరుకుంటారు. "నేను చూస్తానండి" అని లోపలికి వెళ్ళి స్విచ్ వేసి వచ్చేయండి. తర్వాత విదేశాంగ మంత్రి అయిన కోలిన్ పవెల్ చిన్నప్పుడు న్యూయార్క్ బ్రాంక్స్‌లో పొరుగు యూదులకి ఇలాంటి పనులు చేశాడు. ఎల్విస్ ప్రెస్లీ కుటుంబం మెంఫిస్‌లో ఒక రబ్బీ ఇంటి కింద వాటాలో ఉన్నప్పుడు అతనూ చేశాడు.

ఒంట్లో బాగోకపోతే సంగతి వేరు. ప్రాణం మీదికి వస్తే షబ్బాత్ నియమాలు అడ్డు రావని వాళ్ళ శాస్త్రమే చెబుతుంది. 911కి ఫోను చేయడానికి మీరు రెండోసారి ఆలోచించక్కర్లేదు.

మా పాపతో ఆడుకోవడానికి వాళ్ళ పిల్లలు వస్తారు. ఏం పెట్టాలి?

పస్కా వారంలో మంచినీళ్ళు, కోయని పండు. అంతే. బిస్కెట్ ప్యాకెట్ కనబడేలా టేబుల్ మీద పెట్టకండి, చిన్నపిల్లలు నోరు కట్టుకోలేరు. మిగతా రోజుల్లో ఏ గుర్తున్న ప్యాకెట్లు పెట్టచ్చో వాళ్ళమ్మని ఒకసారి అడిగి రాసుకోండి.

మమ్మల్ని సెడర్‌కి పిలిచారు. ఎలా వెళ్ళాలి, ఎలా కూర్చోవాలి?

తప్పకుండా వెళ్ళండి. సెడర్ అంటే పస్కా మొదటి రాత్రి (బయటి దేశాల్లో రెండో రాత్రి కూడా) ఇంట్లో కూర్చుని చేసే విందు. ఆ రాత్రి చదివే హగ్గాదా పుస్తకం మొదట్లోనే, ఆకలిగా ఉన్నవాళ్ళందరూ వచ్చి తినండి అని పిలుపు ఉంటుంది.

అయితే భోజనం ఆలస్యమవుతుంది, ఇది ముందే తెలుసుకోండి. ఏప్రిల్‌లో ఇక్కడ బాగా చీకటి పడేసరికి 8 దాటుతుంది, అప్పుడు మొదలుపెడతారు. కథ, పాటలు, ప్రశ్నలు అన్నీ అయ్యాకే అసలు భోజనం. తొమ్మిదిన్నర, పది కూడా కావచ్చు. పిల్లలకి ఇంట్లోనే కాస్త పెరుగన్నం పెట్టి తీసుకెళ్ళండి.

బల్ల మధ్యలో ఒక పళ్ళెం ఉంటుంది. అందులో కాల్చిన ఎముక, గుడ్డు, చేదుగా ఉండే ఆకు లేదా ఘాటైన హార్స్‌రాడిష్, ఆపిల్, వాల్‌నట్ కలిపి చేసిన ముద్ద, ఉప్పునీళ్ళలో ముంచుకోవడానికి ఒక ఆకుకూర ఉంటాయి. చేదు బానిసత్వానికి, ఉప్పునీళ్ళు కన్నీళ్ళకి గుర్తు. ఆపిల్ ముద్ద ఇటుకల పనికి వాడిన బంకమట్టికి గుర్తు. మూడు మాత్సాలు, అంటే పులియని రొట్టెలు, గుడ్డలో కప్పి పెడతారు. ఇంట్లో అందరికంటే చిన్నపిల్లో పిల్లాడో లేచి, ఈ రాత్రి మిగతా రాత్రులకంటే ఎందుకు వేరు అని అడిగే పాట పాడతారు. ఆ పిల్ల గొంతు కాస్త వణుకుతుంది, తాతయ్య పెదాలు కదుపుతూ అందిస్తుంటాడు.

ఈజిప్టు మీద పడిన పది తెగుళ్ళ పేర్లు చదివేటప్పుడు ఒక్కొక్కదానికి వేలు ముంచి ఒక్కో వైన్ చుక్క పళ్ళెంలో వేస్తారు. శత్రువులైనా సరే, వాళ్ళు బాధపడినప్పుడు మన గిన్నె నిండుగా ఉండకూడదని దానికి చెప్పే అర్థం. మీరూ చేయండి. నాలుగుసార్లు తాగే వైన్ బదులు ద్రాక్షరసం అడగచ్చు. వడ్డన మాత్రం వాళ్ళకే వదిలేయండి.

శాకాహారులైతే పిలిచినప్పుడే చెప్పండి. సూప్ చాలా ఇళ్ళలో కోడి మాంసం మరిగించిన నీళ్ళతోనే చేస్తారు. ముందే చెబితే బంగాళదుంపలు, కూరలు, క్వినోవా లాంటివి వేరే చేస్తారు. అక్కడికి వెళ్ళాక ప్లేటు పక్కకి తోస్తే మాత్రం వాళ్ళ మనసు కష్టపెట్టుకుంటారు.

ఫోను బయటికి తీయకండి, ఫోటోలు వద్దు. ఆర్థడాక్స్ ఇళ్ళలో ఆడవాళ్ళు మగవాళ్ళకి, మగవాళ్ళు ఆడవాళ్ళకి చేయి కలపరు. మనకి నమస్కారం ఉండనే ఉంది, అది చేయండి. అందరికీ హాయిగా ఉంటుంది.

ఏమని శుభాకాంక్షలు చెప్పాలి?

"హ్యాపీ పాసోవర్" చాలు. "హగ్ సమేఅహ్" అంటే మురిసిపోతారు. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వచ్చే కొత్త సంవత్సరం రోష్ హషానాకి "షనా తోవా". 2026లో అది సెప్టెంబరు 11 సాయంత్రం మొదలు. ఆ రోజుతో కలిపి పదో రోజున వచ్చే యోమ్ కిప్పూర్‌కి "హ్యాపీ" అనకండి. అది పశ్చాత్తాపంతో, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా 25 గంటలు ఉండే ఉపవాసం. ఉపవాసం తేలిగ్గా సాగాలని కోరుకుంటే చాలు. ఎండాకాలంలో వచ్చే తిషా బెఆవ్ సంతాప దినం, ఆ రోజు శుభాకాంక్షలే ఉండవు.

పర్ణశాలల పండుగకి (సుక్కోత్) పెరట్లో పాక వేస్తున్నారు. సాయం చేయనా?

చేయండి. పైకప్పు కొమ్మలతో వేయాలి, సందుల్లోంచి ఆకాశం కనబడాలి. మీ చెట్లు కొట్టిస్తున్నట్టయితే పచ్చి కొమ్మలు కావాలా అని అడగండి. నిచ్చెన పట్టుకునే మనిషి దొరికితే ఎవరికైనా సంతోషమే.

సత్యనారాయణ వ్రతానికి పిలిచి ప్రసాదం ఇవ్వచ్చా?

ఇది జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సిన సంగతి. నియమంగా ఉండే యూదులు వేరే దేవుడికి నైవేద్యం పెట్టినదేదీ తినరు, వాడరు. ప్రసాదం కాదంటే మన దేవుణ్ణి అవమానించారని మనవాళ్ళు బాధపడతారు. వాళ్ళు దాన్ని అలా చూడరు. ఒక్క దేవుడు తప్ప మరొకరికి అర్పించినదాన్ని తాకకూడదన్నది వాళ్ళ మతంలో అన్నిటికంటే గట్టి ఆజ్ఞ.

ఎంత గట్టిదో చెప్పడానికి తిరుమలతో ముడిపడ్డ ఒక ఉదంతం ఉంది. పెళ్ళైన ఆర్థడాక్స్ స్త్రీలు జుట్టు కప్పుకుంటారు, చాలామంది విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల జుట్టులో కొంత తిరుమలలో భక్తులు ఇచ్చిన తలనీలాల నుంచి వస్తుందని తెలిశాక, 2004లో జెరూసలేం రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ అవి వాడకూడదని తీర్పిచ్చారు. ఇజ్రాయెల్‌లోనూ, న్యూయార్క్ బ్రూక్లిన్‌లోనూ స్త్రీలు వేల డాలర్ల విగ్గుల్ని వీధుల్లో కుప్పపోసి కాల్చేశారు. మన వెంకన్న మీద వాళ్ళకి ద్వేషమేమీ లేదు. తమ నియమం కోసం అంత ఖరీదైన వస్తువుని అగ్గిలో వేసుకున్నారు.

కాబట్టి వ్రతానికి కాకుండా, మరో రోజు టీకి పిలవండి. పూజగదిలో పెట్టని, సీలు తీయని కోషెర్ ప్యాకెట్ తెచ్చి పెట్టండి. రిఫార్మ్ కుటుంబాలు చాలావరకు దీపావళికి వచ్చి దీపాలు చూసి వెళ్తాయి, వాళ్ళని సంతోషంగా పిలవచ్చు.

మా గడప మీద స్వస్తిక్ ఉంది. తీసేయాలా?

మీ గడప మీది, మీ దేవుడి గదిలోది తీయక్కర్లేదు. కానీ వాళ్ళకి ఇచ్చే పళ్ళబుట్ట మీద, కార్డు మీద, బహుమతి సంచి మీద లేకుండా చూసుకోండి. మన దుకాణాల్లో దొరికే శుభకార్యాల సంచుల మీద దాదాపు అన్నిటికీ ఆ గుర్తు ఉంటుంది, ఇచ్చేముందు తిప్పి చూడండి. 60 లక్షల మంది యూదుల్ని చంపిన ప్రభుత్వం జెండా మీద దాదాపు అదే ఆకారం ఉండేది. ఆ ఇంట్లో ముసలమ్మ తన అక్కల్ని అక్కడ పోగొట్టుకుని ఉండచ్చు.

ఎవరైనా చూసి ఉలిక్కిపడితే ముందు వాళ్ళు చెప్పేది వినండి. తర్వాత నెమ్మదిగా చెప్పండి, ఇది వేల ఏళ్ళుగా మాకు శుభచిహ్నం అని. 2008లో జెరూసలేంలో హిందూ, యూదు మతపెద్దలు కలిసి చేసిన ప్రకటనలో కూడా స్వస్తిక్ హిందువులకి పవిత్రమైన పురాతన చిహ్నమనీ, నాజీలు దాన్ని వక్రీకరించారనీ ఒప్పుకున్నారు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. మనం ఇంట్లో కఠినంగా ఉండేవాళ్ళని "మా నాన్న హిట్లర్" అనేస్తాం. పిల్లలు ఇంగ్లీషులో కూడా అదే అంటారు. ఆ అలవాటు మాన్పించండి.

మేం క్రైస్తవులం. పస్కా మా బైబిల్లోనూ ఉంది కదా, యేసు గురించి వాళ్ళతో మాట్లాడవచ్చా?

వాళ్ళ పండుగ బల్ల దగ్గర వద్దు. యూరప్‌లో వందల ఏళ్ళు గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ రోజుల్లోనే యూదుల ఇళ్ళ మీద దాడులు జరిగాయి. పస్కా రొట్టెల్లో క్రైస్తవ పిల్లల రక్తం కలుపుతారన్న ఘోరమైన అబద్ధం పుట్టించి చంపారు. 1903 ఈస్టర్ రోజున రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో మొదలైన దాడిలో 49 మంది యూదులు చనిపోయారు. ఆ జ్ఞాపకం కుటుంబాల్లో ఇంకా ఉంది. మీకు ఇజ్రాయెల్ మీద, వాళ్ళ ధర్మశాస్త్రం మీద ఉన్న ప్రేమ నిజమైనదే. దాన్ని వినడంలో చూపించండి. నిర్గమకాండం కథ వాళ్ళ నోట, వాళ్ళ పాటతో వినడం విశ్వాసికి చాలా గొప్ప అనుభవం. మతం మార్చే మాట మొదలైతే మళ్ళీ పిలవరు, పిలవకపోవడంలో తప్పు కూడా లేదు.

ఆఫీసులో యూదు కొలీగ్ ఉన్నాడు. ఏం చేయగలను?

రోష్ హషానా, యోమ్ కిప్పూర్ రోజుల్లో రిలీజ్ పెట్టకండి, పెట్టేవాళ్ళకి ముందే చెప్పండి. చలికాలంలో శుక్రవారం నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది, అతను మూడింటికే లేస్తే గుసగుసలాడుకోనివ్వకండి. ఆన్‌కాల్ మార్చుకోండి. అతని పస్కా మీరు చూసుకుంటే మీ సంక్రాంతి అతను చూసుకుంటాడు. ఇలా ఏళ్ళ తరబడి మార్చుకుంటున్న టీములు ఉన్నాయి.

ఇజ్రాయెల్, గాజా మాట వస్తే?

మీరు మొదలుపెట్టకండి. మీ పక్కింటి మనిషి ఏ ప్రభుత్వానికీ రాయబారి కాదు. వాళ్ళలో కూడా ఆ విషయంలో రకరకాల అభిప్రాయాలున్నాయి. వాళ్ళే ఎత్తితే వినండి. అక్కడ వాళ్ళకి చుట్టాలుంటే ముందు వాళ్ళ క్షేమం అడగండి.

సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) ముందు పోలీసు కార్లు ఉంటున్నాయి. అంత భయం దేనికి? పొరుగువాళ్ళుగా మనం ఏం చేయగలం?

2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లో షబ్బాత్ ప్రార్థనలో ఉన్న 11 మందిని కాల్చి చంపారు. 2019 ఏప్రిల్ 27న, పస్కా చివరి రోజున, కాలిఫోర్నియాలోని పోవేలో సినగాగ్‌లోకి వచ్చి కాల్చారు, ఒకామె చనిపోయింది. పండుగ అంటే అందరూ ఒకచోట చేరే రోజు, అందుకే ఆ భయం. ప్రహరీ దగ్గర నిలబడి ఫోటోలు తీయకండి. ఎవరైనా అనుమానంగా తిరుగుతుంటే పోలీసులకి చెప్పండి.

పొరుగువాళ్ళు చేయగలిగింది చాలా ఉంది. 1993 డిసెంబరులో మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్‌లో, హనుక్కా అనే యూదుల దీపాల పండుగ గుర్తులు పెట్టుకున్న ఒక యూదు పిల్లాడి గది కిటికీలోంచి రాయి విసిరారు. ఊళ్ళో యూదు కుటుంబాలు చాలా తక్కువ. స్థానిక పత్రిక ఒక పేజీ నిండా ఆ పండుగ దీపపు సెమ్మె మెనోరా బొమ్మ అచ్చువేసింది. వేల ఇళ్ళవాళ్ళు, యూదులు కానివాళ్ళు, ఆ కాగితం తమ కిటికీలకి అంటించారు. కొన్ని ఇళ్ళ మీదా చర్చిల మీదా రాళ్ళు పడ్డాయి. అయినా తీయలేదు. 2015 ఫిబ్రవరిలో ఓస్లోలో ముస్లిం యువత పిలుపుతో వెయ్యిమందికి పైగా సినగాగ్ చుట్టూ చేయి చేయి పట్టుకుని నిలబడ్డారు.

వీటన్నిటికంటే పెద్దది డెన్మార్క్‌లో జరిగింది. 1943లో రోష్ హషానా సమయంలో యూదులందరూ ఇళ్ళలో ఉంటారని లెక్కవేసి అక్టోబరు 1 రాత్రి అందరినీ పట్టుకోవాలని నాజీలు పథకం వేశారు. ఒక జర్మన్ అధికారి ద్వారానే సంగతి బయటికి పొక్కింది. రబ్బీ మార్కుస్ మెల్కియోర్ కోపెన్‌హాగన్ సినగాగ్‌లో ప్రార్థన ఆపి, వెంటనే వెళ్ళి దాక్కోండి, తెలిసినవాళ్ళందరికీ చెప్పండి అన్నాడు. పక్కింటివాళ్ళు, టీచర్లు, నర్సులు, జాలరులు వాళ్ళని దాచి పడవల్లో స్వీడన్‌కి చేర్చారు. దాదాపు 7,200 మంది బతికారు. 1945లో తిరిగొచ్చేసరికి చాలామంది ఇళ్ళని పొరుగువాళ్ళు శుభ్రంగా ఉంచి, తాళం చెవులు చేతికిచ్చారు.

మన దేశంలో యూదులు ఉన్నారా?

ఉన్నారు. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ ఉంది. ముంబయి, కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ వాళ్ళు ఉన్నారు. కోల్‌కతా సినగాగ్‌లని తరాలుగా చూసుకుంటున్నది ముస్లిం కుటుంబాలు. తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సముదాయం షబ్బాత్, పస్కా పాటిస్తుంది. ఆ వైపు వాళ్ళైతే, ఇక్కడ రాసినవన్నీ అక్కడికీ వర్తిస్తాయి.

పస్కా అయిపోయిన రాత్రి ఏమైనా చేయచ్చా?

ఆ రాత్రే గిన్నె పట్టుకెళ్ళడానికి సరైన సమయం. మొరాకోలో ఇది పెద్ద ఆచారం. పస్కా ముగిసిన సాయంత్రం ముస్లిం పొరుగువాళ్ళు పిండి, ఈస్ట్, వెన్న, పాలు, తేనె పట్టుకుని యూదుల ఇళ్ళకి వచ్చేవాళ్ళు, ఎందుకంటే ఆ ఇళ్ళలో పిండి ఉండదు కాబట్టి. ఆ పిండితోనే మోఫ్లెట్టా అనే పల్చటి రొట్టెలు కాల్చి, వెన్న, తేనె రాసి, తలుపులు తెరిచిపెట్టి వచ్చినవాళ్ళందరికీ పెట్టేవాళ్ళు. దాన్ని మిమూనా అంటారు. 1948 నాటికి అక్కడ దాదాపు రెండున్నర లక్షల మంది యూదులు ఉండేవాళ్ళు. తర్వాత ఎక్కువమంది ఇజ్రాయెల్, ఫ్రాన్స్ వెళ్ళిపోయారు. ఇజ్రాయెల్‌లో ఇప్పుడు మిమూనా ఊరందరి పండుగ.

ఇక్కడైతే సీలు తీయని పిండి ప్యాకెట్, కోషెర్ గుర్తున్న ఈస్ట్, తేనె సీసా పెట్టి ఇవ్వండి. బాగా చీకటి పడ్డాక, పండుగ ముగిసిన గంట తర్వాత వెళ్ళండి. అమ్మిన హమేత్స్‌ని రబ్బీ తిరిగి కొనడానికి, పస్కా పాత్రలు సర్దుకోవడానికి ఆ మాత్రం టైము పడుతుంది. ఆ రాత్రి ఊళ్ళో కోషెర్ పిజ్జా దుకాణాల ముందు అర్ధరాత్రి దాకా క్యూ ఉంటుంది. వాళ్ళింట్లో చంటిపిల్లలుంటే, ఏ దుకాణం నుంచి తేవాలో ముందురోజే అడిగి ఉంచుకుని, మీరే వెళ్ళి క్యూలో నిలబడి తెచ్చిపెట్టండి.